చరిత్ర అడక్కండి, పని అడగండి: విశాఖ పెద్దల మాట, పాట రికార్డు చేయడం ఎలా

"మీ ప్రాంత చరిత్ర చెప్పండి" అని మైకు పెడితే ఎవరైనా గొంతు సవరించుకుని, పేపర్లో చదివిందో టీవీలో విన్నదో అప్పజెప్తారు. విశాఖలో అయితే ఆ పాఠం ఎలా సాగుతుందో ముందే తెలుసు: ఒకప్పుడు జాలర్ల పల్లె, తర్వాత హార్బరు, ఆ తర్వాత షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, ఇప్పుడు ఇంత పెద్ద సిటీ. దీనికోసం ఎవరినీ ఇబ్బంది పెట్టక్కర్లేదు, పుస్తకాల్లోనే ఉంది. పుస్తకాల్లో లేనివి వేరే. పొద్దున్న షిఫ్టుకి కొండ దిగి ఎలా వెళ్లేవారు, వల బరువెక్కితే ఎవరు పాట ఎత్తుకునేవారు, ఊరు ఖాళీ చేసిన రోజు గ్రామదేవతను ఏం చేశారు. ఇవి చెప్పేవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇవి వాళ్ల నోట రావాలంటే చరిత్ర గురించి కాదు, చేసిన పని గురించి అడగాలి. పని గురించి అడిగితే పాట కూడా వెంటే వస్తుంది.

ఇది ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురు స్నేహితులతోనో మొదలుపెట్టాలనుకునేవారి కోసం. పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఓపిక కావాలి.

1. ఒక్క దారం పట్టుకోండి

విశాఖ మొత్తాన్ని రికార్డు చేద్దామని బయల్దేరితే ఏదీ పూర్తి కాదు. ఒక పేట, ఒక పని, లేదా ఒక సంఘటన ఎంచుకోండి. ఎంచుకునే ముందు వయసులు లెక్కేయండి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అప్పుడు ఏడేళ్ల పిల్లాడికి ఇప్పుడు తొంభై పైమాటే. ఇది మీ దారమైతే వేరే పనులన్నీ పక్కన పెట్టి ఈ నెలలోనే మొదలుపెట్టండి. 1948 మార్చి 14న షిప్‌యార్డులో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీళ్లలోకి దిగింది. అప్పుడు పనిలో ఉన్నవాళ్లు ఇప్పుడు దొరకడం దాదాపు అసాధ్యం. వాళ్ల పిల్లలు దొరుకుతారు, నాన్న ఇంటికొచ్చి ఏం చెప్పేవాడో చెప్తారు. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని 1966లో వీధుల్లోకి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు ఎనభైకి దగ్గరపడ్డారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ విశాఖ తీరంలో మునిగిపోయింది. ఆ రోజుల్లో దీపాలార్పుకుని కూర్చున్న ఇళ్లలోని పిల్లలకు ఇప్పుడు అరవై దాటింది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను గురించి ఇంకో పదేళ్ల తర్వాతైనా అడగొచ్చు. అందరూ వెంటనే చెప్తామనేది హుద్‌హుద్ గురించే, కానీ తొందరపడాల్సింది దానికి కాదు.

స్టీల్ ప్లాంటుకు భూములిచ్చి లేచిపోయిన ఊళ్లు నా లెక్కలో అన్నిటికన్నా ముందు ఉండాలి. ఆ నిర్వాసితులు గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి చుట్టుపక్కల కాలనీల్లో ఉన్నారు. ఊరు లేదు కాబట్టి వెళ్లి చూసి రావడం కుదరదు, ఉన్నదంతా వాళ్ల బుర్రలోనే.

2. మనుషుల్ని పట్టుకోవడం

రిటైరైన కార్మికుల సంఘాలు, యూనియన్ ఆఫీసులు, భజన బృందాలు, చర్చి కోయర్, కోలాటం నేర్పే అక్కలు, పూర్ణా మార్కెట్ దగ్గర టీ కొట్లు, ఇవన్నీ మంచి మొదలే. ఒక్కరితో మాట్లాడి వచ్చేటప్పుడు "మీ కంటే పెద్దవాళ్లు ఇంకెవరున్నారు?" అని తప్పక అడగండి. రెండో వారానికి మనుషుల కోసం మీరు వెతుక్కోనక్కర్లేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఎవరి దగ్గరికన్నా ముఖ్యం. జాలరిపేటలోనో, భీమిలి వైపు తీరం ఊళ్లలోనో వేటకు వెళ్లే మనిషి మామూలు రోజుల్లో మీకు దొరకడు. దొరికినా నిద్రమత్తులో ఉంటాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజులూ వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉంటారు. చేతులు పనిలో ఉంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది. ఇంతకంటే మంచి సమయం లేదు. సంక్రాంతికి మాత్రం పట్నంలో వెతక్కండి. సగం విశాఖ శ్రీకాకుళం, విజయనగరం బస్సుల్లో ఉంటుంది. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణలో పాడేవాళ్లు బోలెడుమంది కనిపిస్తారు. అక్కడే ఇంటర్వ్యూ పెట్టకండి. పేరు, ఊరు రాసుకుని, తర్వాత ఇంటికి వెళ్లండి.

ఆడవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. ఇంటికి వెళ్లగానే మగవాళ్లు ముందు గదిలో కూర్చుని "మా ఆవిడకేం తెలుసండీ, నన్నడగండి" అంటారు. ఆయన్ని ఒకరోజు పూర్తిగా వినండి, గౌరవంగా వినండి. ఇంకోరోజు ఆయన బయటికెళ్లే వేళ చూసుకుని, మీ బృందంలోని ఆడపిల్లతో ఆవిడ దగ్గరికి వెళ్లండి. ఊడుపుల పాటలు, పెళ్లిపాటలు, జోలపాటలు, చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగినప్పుడు వేసిన కేక, ఇవన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఆ కేక కూడా పాటే, రికార్డు చేయండి.

3. మొదటిసారి మైకు లేకుండా వెళ్లండి

ఒక నోటుబుక్కు చాలు. పేరు, పుట్టిన ఊరు, పట్నం ఎప్పుడొచ్చారు, ఏమేం పనులు చేశారు, ఏ పాటలొచ్చు. ఈ ఐదూ రాసుకోండి. అరగంట కూర్చుని, ఇచ్చిన టీ తాగి వచ్చేయండి. కథ మొదలుపెట్టేస్తే "ఇది అప్పుడు చెబుదురుగాని బాబాయ్" అని ఆపండి. మొదటిసారి చెప్పినప్పుడు ఉన్న ఊపు రెండోసారి చెప్పినప్పుడు ఉండదు.

అనుమతి సంగతి కూడా ఆ రోజే మాట్లాడాలి. దాన్ని కోర్టు కాగితంలా రాయకండి. మామూలు మాటల్లో ఇలా ఉంటే సరిపోతుంది:

"నేను చెప్పిన మాటలు, పాడిన పాటలు రికార్డు చేయడానికి ఒప్పుకుంటున్నాను. వీటిని లైబ్రరీలో పెట్టొచ్చు / పెట్టకూడదు. ఇంటర్నెట్‌లో పెట్టొచ్చు / పెట్టకూడదు. నా పేరు చెప్పొచ్చు / వద్దు. తర్వాత ఏ ముక్కయినా తీసేయమంటే తీసేయాలి."

దీన్ని గట్టిగా చదివి వినిపించి, వాళ్ల జవాబు గొంతుతోనే రికార్డు చేయండి. సంతకం పెట్టగలిగితే కాగితం మీద కూడా తీసుకోండి. లైబ్రరీ, ఇంటర్నెట్ ఒకటి కాదని విడమరచి చెప్పండి. "ఇంటర్నెట్‌లో పెడితే మీ ఊళ్లోవాళ్లు, మీరు పనిచేసిన చోటి ఆఫీసర్లు, ఎవరైనా వినొచ్చు" అని ఆ మాటల్లోనే చెప్పాలి. భూమి కేసులు, నష్టపరిహారం గొడవలు నడుస్తున్న ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

పాడేవాళ్ల విషయంలో చట్టం కూడా ఉంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శన ఇచ్చిన కళాకారుడికి దాని మీద 50 ఏళ్లు హక్కు ఉంటుంది. పాట ఊరందరిదీ అయినా, పాడిన తీరు ఆ మనిషిది. బృందమైతే గురువు ఒక్కడి మాట చాలదు, అందరి పేర్లూ, అందరి ఒప్పుదలా కావాలి.

డబ్బు గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కబుర్లకు డబ్బు ఇవ్వొద్దు, ప్రదర్శనకు తప్పక ఇవ్వండి. తప్పెటగుళ్ల (గుండెకు కట్టుకున్న రేకు వాయిస్తూ ఆడే ఆట) బృందం అంటే పది మందికి పైనే. వాళ్లలో చాలామంది ఆ రోజు కూలి వదులుకుని వస్తారు. 'కళను బతికిస్తున్నాం' అని వాళ్ల చేత ఊరికే ఆడించుకోవడం అన్యాయం. ఎంతన్నది ముందే మాట్లాడుకుని, ఆట అవ్వగానే చేతిలో పెట్టండి.

4. సామాను

ఫోను, దానికో కాలర్ మైకు ఉంటే ఇంటర్వ్యూ మొదలుపెట్టొచ్చు. డబ్బులుంటే చేతిలో పట్టే రికార్డర్ కొనండి. పాటలకు అది బాగా పనికొస్తుంది. ఏది వాడినా చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ రికార్డు చేయండి. మైకు వైరు ఊడిపోయిన సంగతి కంటికి కనపడదు.

సెట్టింగ్స్: వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒక్క మైకుతో తీస్తే గంటకు సుమారు 520 ఎంబీ, స్టీరియో అయితే ఒక జీబీ పైన. ఎంపీ3లో తీసి తర్వాత మారుద్దాంలే అనుకుంటే పోయిన ధ్వని తిరిగి రాదు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. శబ్దం ఎంత గట్టిగా వచ్చినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. తక్కువ స్థాయిలో తీసింది తర్వాత పెంచుకోవచ్చు, పగిలిపోయిన శబ్దాన్ని అతికించలేం.

ఇక మన ఊరి తంటాలు. ఫ్యాను శబ్దం మైకులోకి దూరుతుంది. కానీ మే నెలలో ఎనభై ఏళ్ల మనిషిని ఫ్యాను లేకుండా గంటసేపు కూర్చోబెట్టడం పాపం. అందుకే పొద్దున్న ఆరున్నర, ఏడు మధ్య మొదలుపెట్టి, అరగంటకోసారి ఆపి ఫ్యాను వేయండి. ఫ్రిజ్ ఆపేస్తే మీ బండి తాళం అందులోనే పెట్టండి. లేదంటే దాన్ని ఆన్ చేయడం మరిచిపోయి వెళ్లిపోతారు, వాళ్ల పాలు విరుగుతాయి, రెండోసారి పిలవరు. టీవీ సీరియల్ టైము, పక్కింటి కుక్కరు, ఎయిర్‌పోర్టు వైపైతే విమానాలు, వీటి వేళలు మొదటిసారి వెళ్లినప్పుడే గమనించుకోండి.

సముద్రం ఒడ్డున మధ్యాహ్నం పూట గాలి పెరుగుతుంది. బొచ్చు తొడుగు లేని మైకులో 'బుర్ర్' తప్ప ఏదీ వినపడదు. అలల శబ్దం కావాలంటే దాన్ని విడిగా ఓ ఐదు నిమిషాలు తీసుకోండి, మాటలు మాత్రం ఇంట్లోనే. ఉప్పుగాలికి మైకులు, పిన్నులు తుప్పు పడతాయి. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెట్టండి.

ఇంటర్వ్యూకి వీడియో ఉంటే మంచిది, లేకపోయినా నష్టం లేదు. ఆటకీ పాటకీ మాత్రం తప్పనిసరి. చేయి ఎక్కడ పడుతోంది, పాదం ఎప్పుడు లేస్తోంది అన్నది ధ్వనిలో దొరకదు. ఫోను అడ్డంగా పెట్టి, స్టాండుకు బిగించి, కదపకుండా వదిలేయండి.

5. కూర్చోబెట్టి అడగడం

రికార్డర్ ఆన్ చేయగానే మీ గొంతుతో తేదీ, చోటు, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు అడుగుతున్నారు చెప్పండి. ఫైలు పేరు పోయినా, కాగితం చిరిగినా ఈ నాలుగు ముక్కలు ఫైల్లోనే ఉంటాయి. తర్వాత ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా గది శబ్దం తీయండి. రేపు ఎడిటింగ్‌లో పనికొస్తుంది.

ఇప్పుడు ప్రశ్నలు. వేటకెళ్లిన పెద్దాయన్ని "తాతా, పాత వేటపాటలేమైనా వస్తే పాడండి" అని అడిగి చూడండి. "అవన్నీ ఇప్పుడెవులికొస్తాయి బావూ" అని తుంచేస్తాడు. అదే మనిషిని ఇలా అడగండి: "తాతా, ఒడ్డు మీంచి పెద్దవల లాగేటప్పుడు ముందు తాడు ఎవరు పట్టుకునేవారు?" ముందు పేర్లు చెప్తాడు. "అంతమంది ఒకేసారి లాగాలి కదా, ఎలా తెలిసేది?" అంటే కుర్చీలోంచి లేస్తాడు. కాళ్లు ఎడం చేసి, మడమలు ఇసకలో దిగేసినట్టు నిలబడి, లేని తాడును చేతుల్లోకి తీసుకుంటాడు. "ఇలా ఒకడు అంటాడు, మిగిలినోలు అందుకుంటారు" అని ఆ ఒకడి మాట తనే అంటాడు. అంతే, పాట వచ్చేసింది. లాగు పడే చోట మాట తెగుతుంది, ఊపిరి పడే చోట సాగుతుంది. ఆ పాట అలా ఎందుకు కట్టారో అప్పుడు మీకు చూస్తుంటేనే తెలుస్తుంది. ఆ సమయంలో మీరు చేయాల్సింది ఒక్కటే: నోరు మూసుకుని కూర్చోవడం. చప్పట్లు వద్దు, "వావ్, సూపర్ తాతా" అసలే వద్దు.

నిర్వాసితుల ఇళ్లలో తెల్లకాగితం, స్కెచ్ పెన్ను పట్టుకెళ్లండి. "మీ పాత ఇంటి గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఎవరిల్లు కనిపించేది?" దానికి పక్కన? నుయ్యి ఎటువైపు? రామమందిరం? అలా అడుగుతూ వాళ్ల చేతే గీయించండి. ఇద్దరిని కలిపి కూర్చోబెడితే "కాదెహే, చింతచెట్టు ఇటేపు" అని వాదించుకుంటారు. ఆ వాదన బంగారం. చివర్లో ఆ కాగితాన్ని ఫొటో తీసి, అసలుది భద్రంగా దాచండి. ఊరు లేచిన రోజు గురించి అడగడానికి తొందర లేదు, ఆ బొమ్మలో గ్రామదేవత గుడి దగ్గరికి వచ్చేసరికి వాళ్లే చెప్తారు. కన్నీళ్లొస్తే రికార్డర్ ఆపమంటారా అని అడగండి, కంగారుపడి మీరే ఆపేయకండి.

తేదీలు ఎవరికీ గుర్తుండవు, ఉండక్కర్లేదు. "ఏ సంవత్సరం?" అనే ప్రశ్న పెద్దవాళ్లకు పరీక్ష రాస్తున్నట్టు టెన్షన్ తెప్పిస్తుంది. "అప్పటికి మీ పెద్దమ్మాయి పుట్టిందా?", "హార్బరు పనిలో చేరకముందా, తర్వాతా?" అని అడిగితే ఏడాది దానంతటదే తేలుతుంది. వాళ్లు చెప్పింది పుస్తకంలో ఉన్నదానికి తేడాగా ఉంటే అక్కడే దిద్దకండి. బాంబులు పడ్డాక జనం ఊరు వదిలి పల్లెలకు పోయారన్నది పుస్తకాల్లోనూ ఉంది. కానీ ఎన్ని బాంబులు, ఎంతమంది పోయారు అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెప్తారు. విన్నది విన్నట్టు ఉంచి, తేడా ఏమిటో మీ నోట్సులో రాసుకోండి. భయం ఎంత పెద్దదో తెలిసేది ఆ తేడాలోనే.

గంటన్నర దాటనివ్వకండి. వాళ్లు ఇంకా చెప్తామన్నా సరే, లేచి "రేపొస్తాను" అనండి.

6. పాట, ఆట

నేను పాటించే పద్ధతి ఇది. ఒక్కో పాటను మూడు రకాలుగా తీయండి. ముందు మాటల్లో చెప్పించండి, తర్వాత ఒంటరిగా పాడించండి, ఆఖరున బృందంతో. మూడింటిలో మాటలు మారిపోతాయి. అందులో ఏది అసలుది అని తేల్చే పని మనది కాదు. ప్రతి పాటకీ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎప్పుడు పాడతారు, ఎప్పుడు పాడకూడదు అన్న మూడు ప్రశ్నలు ఉండాలి. మూడోది మరిచిపోకండి. పోయినవాళ్ల మీద పాడే శోకాలు మామూలు రోజున ఇంట్లో పాడమంటే తప్పు పడతారు, పట్టాలి కూడా. దేవత పాటలు పండగనాడే తీయాలి.

"మూడు నిమిషాల్లో అయిపోయేలా పాడండి" అని ఎప్పుడూ అనకండి. రాత్రంతా సాగే కథను రీల్ సైజుకు కుదించమని మనమే నేర్పిస్తే, ఐదేళ్ల తర్వాత ఆ రీలే మిగులుతుంది.

వాయిద్యాన్ని బట్టి మైకు మారాలి. తప్పెటగుళ్లలో గుండ్రటి రేకు గుండె మీద కట్టుకుని రెండు చేతులా వాయిస్తారు, కాళ్లకు గజ్జెలు. ఆ రేకుల మోత ముందు మైనస్ 12 లెక్క పనిచేయదు. అందరి చేతా ఒక్కసారి గట్టిగా వాయించి, మీటరు మైనస్ 20 దగ్గర ఉండేలా పెట్టుకోండి. ఆట వేడెక్కాక ఇంకా పెరుగుతుంది. రికార్డర్ ఏడెనిమిది అడుగుల దూరంలో, మనిషి ఎత్తులో ఉండాలి. నాయకుడికి కాలర్ మైకు పెడదామనుకోకండి, రేకుకే తగులుతుంది.

జముకుల కథ దీనికి పూర్తిగా ఎదురు. జముకు అంటే ఒకవైపు తోలు బిగించిన డబ్బా, తోలు మధ్యలోంచి వచ్చే తీగను మీటితే లోతైన గుమ్‌గుమ్ వస్తుంది. దూరం నుంచి తీస్తే ఆ లోతు పోయి డబ్బా శబ్దమే మిగులుతుంది. రెండు మూడడుగుల్లో మైకు పెట్టండి. ఆటాపాటా కలిసిన తూర్పు భాగవతం నాటకమైతే మద్దెల పక్కన ఒకటి, పాడేవాళ్ల ముందు ఒకటి కావాలి. అరకు వైపు గిరిజనుల ధింసా ఆటకి వెళ్తే మోరి, తుడుము, డప్పు ఒక చోట ఉంటాయి, ఆడేవాళ్లు వలయంగా తిరుగుతుంటారు. వాయిద్యాల దగ్గరే మైకు పెడితే అడుగుల చప్పుడు రాదు. వలయం మధ్యలో ఇంకో రికార్డర్‌గా మీ ఫోను పెట్టేయండి.

ఆట అయిపోయాక ఒక్కో వాయిద్యాన్ని విడిగా ఓ నిమిషం వాయించమనండి. చర్మం ఏ జంతువుది, ఎవరు బిగించారు, ఇప్పుడు ఎక్కడ దొరుకుతోంది, ప్లాస్టిక్‌కి ఎప్పుడు మారారు? ఇక్కడ కూడా పనే అడుగుతున్నాం. పాట గురించి రెండు ముక్కల్లో ముగించే మనిషి, డప్పు కాచడం గురించి అరగంట చెప్తాడు.

సినిమా బాణీలో పాడితే మొహం చిట్లించకండి. 'శుద్ధ జానపదం' కోసం వెతికేవాళ్లు పాడేవాళ్ల నోరు నొక్కేస్తున్నారు. ఏ సినిమా బాణీ అన్నది రాసుకుంటే, ఆ పాట ఎప్పుడు పుట్టిందో దాదాపుగా తెలిసిపోతుంది.

ఫ్యాక్టరీ పాటలు, యూనియన్ పాటలు కూడా జానపదమే అని నా వాదన. జనం పాటలు కట్టిన వంగపండు ప్రసాదరావు షిప్‌యార్డులో పనిచేసిన మనిషే కదా. మీరు కలిసే రిటైర్డ్ కార్మికుల్లో ఆయన పాటలు పాడేవాళ్లు కచ్చితంగా తగులుతారు. పాడించండి, రికార్డు చేయండి. కానీ రాసినవాళ్లు ఫలానా అని తెలిసిన పాటకు కాపీరైట్ ఉంటుంది, రచయిత పోయాక 60 ఏళ్ల వరకు. వంగపండు 2020లో పోయారు, అంటే 2080 చివరిదాకా. దాచుకోవడం వేరు, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు. పెట్టాలంటే కుటుంబాన్ని అడగాలి.

7. అల్మారాలో క్యాసెట్లు

ఇంటర్వ్యూ చివర్లో "పాత క్యాసెట్లేమైనా ఉన్నాయా?" అని అడగండి. ఊరి పండగ హరికథ, నాన్నగారి నాటకం పద్యాలు, రేడియోలో పాడినప్పుడు ఇంట్లో పట్టుకున్నది, ఏదో ఒకటి బయటపడుతుంది. చేతికి రాగానే క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకల్ని విరిచేయండి, పొరపాటున దాని మీద రికార్డవకుండా. తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్లో పెట్టకండి, తెలిసినవాళ్లకు చూపించాలి. బాగుంటే ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కసారి పూర్తిగా ముందుకీ వెనక్కీ తిప్పి, కంప్యూటర్‌లోకి వేవ్‌గా ఎక్కించండి. గంట క్యాసెట్‌కి గంట పడుతుంది, దగ్గరదారి లేదు. క్యాసెట్ తిరిగి ఇచ్చేయండి.

8. ఆ రాత్రే చేయాల్సిన పని

ఇంటికి రాగానే అన్నం కంటే ముందు కాపీ. కార్డులోంచి కంప్యూటర్‌కి, అక్కడి నుంచి హార్డ్ డిస్క్‌కి. మూడు కాపీలు, కనీసం రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో. మూడో షరతు మన ఊరికి మరీ ముఖ్యం. హుద్‌హుద్ వచ్చినప్పుడు పట్నం అంతా ఒకేసారి కరెంటు లేకుండా, తడిసి ముద్దయి ఉంది. ఎంవీపీ కాలనీలో ఒక కాపీ, సీతమ్మధారలో ఒక కాపీ అంటే అవి రెండు కాపీలు కావు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి దగ్గరో, క్లౌడ్‌లోనో ఒకటి ఉండాలి. కార్డు చెరిపేది మూడూ విన్నాకే.

ఫైలు పేరులో తేదీ, చోటు, విషయం, నంబరు ఉండాలి. '2025-05-04_జాలరిపేట_పెద్దవల_01' లాగా. ఏడాది ముందు పెడితే వరుసలో ఉంటాయి. కొన్ని పరికరాలు తెలుగు అక్షరాలను గజిబిజి చేస్తాయి, అలా అయితే ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి.

ప్రతి ఫైలుకీ ఒక పేజీ వివరాలు రాయండి. ఊరి పేరు రాసేటప్పుడు జిల్లా దగ్గర మోసపోతారు. శ్రీకాకుళం 1950 దాకా విశాఖ జిల్లాలోదే. విజయనగరం 1979లో విడిపోయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరయ్యాయి. పెద్దావిడ "మాది విశాపట్నం జిల్లాయే" అంటే ఎప్పటి విశాఖో చూసి, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయండి. అరకు ధింసా ఏ జిల్లాది అని ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో వెతుక్కోకుండా ఉంటుంది.

గంట మాటను అక్షరం వదలకుండా రాయాలంటే ఐదారు గంటలకు తక్కువ పట్టదు. కాబట్టి ముందు నిమిషాల పట్టిక రాసేయండి: '4:10 పట్నం రావడం, 11:30 తాడు పట్టే వరస, 13:05 పాట' ఇలా. చాలా రికార్డింగులకు ఇది చాలు, మంచివాటినే పూర్తిగా రాయండి. రాసేటప్పుడు యాస దిద్దకండి. 'ఎల్లిపోనాడు'ను 'వెళ్లిపోయాడు' చేశారంటే సగం మనిషిని తీసేసినట్టే. మాటను అక్షరాల్లోకి మార్చే యాప్‌లు ఉన్నాయి, వాడుకోండి, కానీ అవి ఉత్తరాంధ్ర మాటను తమకు తెలిసిన తెలుగులోకి సర్దేస్తాయి. పక్కన పెట్టుకుని విని సరిచూడాల్సిందే.

9. ఎవరికి అప్పగించాలి

ఒక్క చోటే పెట్టకండి, ఉన్న ఒక్క కాపీ ఎవరికీ ఇవ్వకండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రరీ లాంటి చోట్లకు వెళ్లి, మీ దగ్గర ఏమున్నాయో పట్టిక చూపించి మాట్లాడండి. వివరాల పేజీలు లేకుండా హార్డ్ డిస్క్ ఇస్తే అది ఏదో బీరువాలో ఉండిపోతుంది. ఇంటర్నెట్‌కి ఒప్పుకున్నవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా పెట్టొచ్చు. వికీమీడియా కామన్స్‌లో పెడితే తెలుగు వికీపీడియా వ్యాసాల్లో కూడా వాడుకోవచ్చు. కానీ అక్కడ పెట్టినదాన్ని ఎవరైనా వ్యాపారానికి కూడా వాడొచ్చన్నది షరతు. పాడినవాళ్లకు ఆ సంగతి చెప్పి, ఒప్పుకుంటేనే ఎక్కించండి. ఇబ్బంది పెట్టే భాగాలను కోసేయొద్దు. అసలు ఫైలు అలాగే ఉంచి, 'ఫలానా ఏడాది వరకు ఎవరికీ వినిపించకూడదు' అని రాసి మూసిపెట్టండి.

వీటన్నిటికంటే ముందు ఇంటివాళ్ల కాపీ. పెన్ డ్రైవ్‌లో వేసి, వాళ్ల టీవీకి పెట్టి, పనిచేస్తోందో లేదో చూసి మరీ ఇవ్వండి. టీవీలో వినలేనివాళ్లకు మనవడి ఫోన్లో చిన్న ఫైలు వేయండి. ఆ రోజు కూడా రికార్డర్ సంచిలో ఉండాలి, బ్యాటరీలు నిండుగా ఉండాలి. తన గొంతు తను వింటూ తాత సగంలో ఆపమంటాడు. "అది కాదు బావూ, ఆ తాడు మా నాన్నది, ఆ సంగతి సెప్పనేదు" అంటాడు. ఫ్యాను ఆపి, కొత్త ఫైలు తెరిచి, తేదీ చెప్పి మొదలుపెట్టండి.